శవం బల్ల కింద

సోమవారం

వేషం నాకు రాలేదు.

మంగళవారం

నిన్న ఆ ఒక్క ముక్క రాసి పడుకున్నాను. ఇవాళ మిగతాది రాయకపోతే రేపు ఎవరి నెత్తిమీదో ఇస్త్రీపెట్టె పెట్టేస్తాను.

కొత్త నాటకంలో ఆడవేషం ఒక్కటే. మొగుడి శవాన్ని తీసుకెళ్ళడానికి ఆస్పత్రి మార్చురీకి వచ్చిన మనిషి. తీరా చూస్తే ఆ శవం ఆమె మొగుడిది కాదు. కాగితాలన్నీ అయిపోయాయి, ఇప్పుడు కాదంటే కుదరదు, తీసుకుపొమ్మంటాడు అక్కడి గుమాస్తా. నాటకమంతా వాడితో పోట్లాడి, చివరికి ఆ పరాయి శవాన్నే ఇంటికి తీసుకుపోతుంది. జనం నవ్వాలి, నవ్వినందుకు సిగ్గుపడాలి. డైరెక్టర్ గారు దాన్ని అందరికీ చదివి వినిపిస్తుంటే నేను బట్టల గదిలో గుండీలు కుడుతూ తలుపు సందులోంచి విన్నాను. సూది వేల్లోకి దిగినా తెలియలేదు. అది నా వేషం. అంతే.

పోయిన నాటకం అప్పుడు ఆయనే అన్నారు, "నీ గొంతు బాగుందమ్మా, చూద్దాం" అని. చూద్దామన్న మనిషి చూసేది ఇంకెవర్నో అని అమ్మ అప్పుడే చెప్పింది. నేను ఏడో తరగతితో బడి మానేశాను. తడుముకోకుండా చదవడం వచ్చింది ఇక్కడే, మూలపడేసిన నాటకాల ప్రతుల్లోంచి. నటన వచ్చింది స్టేజీ పక్కన సైడ్ వింగ్‌లో బట్టలు పట్టుకుని నిలబడినప్పుడు. ఎవరూ నేర్పలేదు కాబట్టి నాకేమీ రాదని వీళ్ళ లెక్క.

ఇంతకీ వేషం ఎవరికిచ్చారంటే మందుల షాపులో దొరికిన పిల్లకి. ఆయన దగ్గుమందు కొనుక్కోవడానికి వెళితే అక్కడ ఒక పిల్ల, వరస తప్పించి ముందుకు దూరినవాణ్ణి ఏడుస్తూ తిడుతోందట, తిట్టు తిట్టుకీ మధ్యలో సారీ కూడా చెబుతోందట. ఈయన అక్కడే నిలబడి నవ్వారట, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారట, వెంటబెట్టుకుని వచ్చేశారు. ఆ పిల్ల జన్మలో నాటకమన్నది చూడలేదు.

నేనూ మందుల షాపులోనే ఏడవాల్సింది. ఇన్నాళ్ళూ అనవసరంగా బట్టల గదిలో ఏడ్చాను.

బుధవారం

కొత్తపిల్ల కొలతలు తీసుకోమన్నారు. చెయ్యి కొలుస్తుంటే చూశాను, చిటికెనవేలు వంకర. నాటకంలో ఆమె వేసుకునే బూడిదరంగు కోటు నేను ముందే కుట్టేశాను. ఎవరి కొలతలకి కుట్టానో ఎవరూ అడగలేదు.

ఆమెకి వదులైంది. బిగించమన్నారు. బిగించాను. కుట్టు లోపల మిగిలిన గుడ్డ కూడా కత్తిరించి పారేశాను, ఇక ఆ కోటు మళ్ళీ ఎవరి కోసమూ వదులు కాకూడదని.

నన్ను "అక్కా" అంది. నాకంటే చిన్నదేమీ కాదు.

గురువారం

నాకేం కుళ్ళు లేదు.

శుక్రవారం

రిహార్సల్ చూశాను. కొత్తపిల్లకి మాటలు గుర్తుండవు. ఒక్కటి కూడా. పక్కనుంచి అందిస్తే మాత్రం ఇప్పుడే తన బుర్రలో పుట్టినట్టు అంటుంది. అందుకని ప్రతి మాటకీ ముందు సైడ్ వింగ్ వైపు మెడ తిప్పి, రావాల్సిన బస్సు ఇంకా రాలేదన్నట్టు చూస్తుంది. నాకు నవ్వాగలేదు. పోతుందిలే వేషం అనుకున్నాను.

డైరెక్టర్ గారు అటూ ఇటూ తిరిగి, స్టేజీ మధ్యలో శవాన్ని పడుకోబెట్టే బల్ల ముందు ఆగారు. మామయ్య చేసిన బల్ల అది. మా అమ్మ తమ్ముడు, ఇక్కడ వడ్రంగి, నన్ను ఈ పనిలో పెట్టింది ఆయనే. బల్ల మీద పరిచిన తెల్లదుప్పటి నాలుగు వైపులా నేల దాకా వేలాడుతుంది. మాట అందించే ప్రాంప్టర్ దాని కింద కూర్చుంటే సరి అన్నారు డైరెక్టర్ గారు. నాటకం మొత్తం కంఠతా వచ్చినవాళ్ళెవరని అడిగారు.

అందరూ నన్నే చూశారు. వేషం పంచేటప్పుడు ఒక్కడికీ గుర్తురాని మొహం అప్పుడు గుర్తొచ్చింది.

దూరాను. దూరగానే నెత్తికి మేకు దిగింది. పై పలకలోంచి కిందికి పొడుచుకొచ్చి ఉంది. దాన్ని వంచేయమని మామయ్యని అడిగితే, శవం బరువంతా దానిమీదే ఉంది, కదిలిస్తే మనిషి వచ్చి నీమీదే పడతాడన్నాడు. "నువ్వు తలొంచుకో. నీకు ఎలాగూ అలవాటు లేదు, ఈ వంకన నేర్చుకుంటావు" అన్నాడు.

సోమవారం

శవం వేషం మా పెద్దాయనది. ఒకప్పుడు రాజవేషాలన్నీ ఆయనవే, ఇప్పుడు మోకాళ్ళు లేవు. మంచి వేషమే తల్లీ, డైలాగు మర్చిపోతానన్న బెంగ లేదు అంటాడు. ఆయన పైన, నేను కింద.

మాట అందించడానికి ఒక పద్ధతి ఉంది. గొంతు వాడకూడదు, ఊపిరితోనే చెప్పాలి. మాటలో ఏడుపూ కోపమూ ఏదీ పెట్టకూడదు, పెడితే ఆడేవాళ్ళు దాన్నే పట్టుకుంటారు. కరెంటు బిల్లు చదివినట్టు చదవాలి. అన్నిటికంటే ముఖ్యం, స్టేజీ మీద ఎక్కడా ఖాళీ పడకూడదు. ఎవరు ఊపిరి పీల్చుకోవడానికి ఆగినా తర్వాతి మాట వాళ్ళ నోట్లో పడెయ్యాలి. ఖాళీ పడిందంటే ప్రాంప్టర్ నిద్రపోయినట్టే.

నాకు రెండు రోజుల్లో పట్టుబడింది. ఏది చేసినా బాగానే చేస్తాను, అదే నా ఖర్మ.

శనివారం

మొదటి షో. కొత్తపిల్ల నోట్లోంచి వచ్చిన ప్రతి మాటా ఒక క్షణం ముందు నా నోట్లోంచి వచ్చిందే. బల్ల కింద కూర్చుంటే చప్పట్లు చెవికి కాదు, చెక్కలోంచి వీపుకి తెలుస్తాయి. అందరూ చేతులు పట్టుకుని వంగి దండాలు పెట్టారు. చచ్చిన పెద్దాయన కూడా లేచి పెట్టాడు. నేను మాత్రం హాలు ఖాళీ అయ్యేదాకా బయటికి రాకూడదట, జనానికి గుట్టు తెలిసిపోతుందట. వచ్చేసరికి కాళ్ళు తిమ్మిరెక్కి చతికిలబడ్డాను. కొత్తపిల్ల పరుగున వచ్చి లేపింది. నువ్వు లేకపోతే చచ్చిపోయేదాన్నక్కా అని వాటేసుకుంది.

ఆ కోటుకి నా ఇస్త్రీ వాసన.

ఆదివారం

చేసేశాను.

గుమాస్తా కాగితం చాచి సంతకం పెట్టమంటాడు. ఆమె శవాన్ని చూసి "ఈయన మా ఆయన కాదండీ" అనాలి. నేను అది అందించలేదు. ఏం వస్తే అది అందించాను, "మా ఆయన ఇంత బావుండడండీ" అని. పిచ్చిదానిలా అందరి ముందూ తప్పుమాట అనాలని, పరువు పోవాలని.

అంది. అందించింది అందించినట్టే, మొహంలో ఒక్క గీత కదపకుండా.

హాలంతా గొల్లుమంది. నవ్వు ఆగి మళ్ళీ మొదలైంది. పైన పెద్దాయన పొట్ట కూడా అదురుతోంది, బల్ల కిర్రుమంది, మేకు నా నెత్తిమీద ఊగింది.

బుధవారం

పేపర్లో రాశారు. కొత్తనటి అప్పటికప్పుడు సొంతంగా అల్లిన మాటకి ప్రేక్షకులు ముగ్ధులయ్యారట. డైరెక్టర్ గారు పేపరు పట్టుకుని బట్టల గదికి వచ్చారు. ఆ మాట ఇక అలాగే ఉంచుదాం, ప్రాంప్టింగ్ ప్రతిలో రాసుకోమన్నారు.

నా మాట. నా చేత్తో నేనే ఎక్కించుకున్నాను, ఆమె అల్లినట్టు.

కొత్తపిల్ల మాత్రం, అది అక్క చెప్పిందే కదండీ అంది. డైరెక్టర్ గారు నవ్వి, చూశారా ఎంత వినయమో అన్నారు.

గురువారం

ఇవాళ కూడా కుళ్ళు లేదు. న్యాయం గురించి ఆలోచిస్తున్నాను.

శుక్రవారం

ఈసారి తప్పుమాట కాదు. అసలు మాటే అందించలేదు.

చివరి ఘట్టం. ఆమె శవానికి కప్పిన దుప్పటి తీసి మళ్ళీ మొహం చూసి, వెంటనే "సరే, ఇంటికి పోదాం పదండి" అనాలి. తెర పడాలి. నేను ప్రతి మూసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఖాళీ. మొదట హాయిగా ఉంది. తర్వాత నాకే భయమేసింది. ఆ మాట నా నాలిక మీద కూర్చుని తోస్తోంది. పళ్ళు బిగించాను. పైన ఆమె కాళ్ళు కదల్లేదు. ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. ఆమె వంగింది. ఏం చేస్తోందో నాకు కనబడదు, చప్పుడు మాత్రం తెలిసింది. మొగుడి కోసం తెచ్చిన చొక్కా ఆ శవానికి తొడిగి ఉంటుంది, దానికి గుండీలు పెడుతోంది. ఒక్కొక్కటీ. నేను కుట్టిన గుండీలు. అన్నీ అయ్యాక, తనంతట తానే, ఎప్పుడూ గుర్తుండని ఆ మాట అంది.

చప్పట్లు వెంటనే రాలేదు. ముందు ముక్కులు చీదుకున్నారు.

అందరూ వెళ్ళాక బల్ల కింద నుంచి బయటికొస్తే పెద్దాయన ఇంకా పైనే కూర్చుని గుండీలు విప్పుకుంటున్నాడు. నావైపు చూడకుండా, "నేను చచ్చినవాణ్ణి తల్లీ, నాకేం వినబడదు" అన్నాడు. ఆయన చొక్కా తీసి నా చేతికిచ్చాడు. "కాకపోతే ఇంకోసారి ఆపేటప్పుడు ముందు చెప్పు. దుప్పటి తీసి ఉందిగా, ఊపిరి బిగబట్టుకుని నిజంగానే పోయేవాణ్ణి."

శనివారం

ఆ ఆగడం కూడా నాటకంలో పెట్టేశారు. అక్కడ మాట అందించొద్దని నాకు డైరెక్టర్ గారి ఆర్డరు. నేను ఆమెని ముంచుదామని ఏ నీళ్ళలోకి తోసినా అవతలి గట్టున ఆమెకి దండలు వేస్తున్నారు.

మంగళవారం

హాలు రోజూ నిండుతోంది. అమ్మ అడిగింది, అంతమంది వస్తున్నారంటే నీకూ మంచిదేగా అని. అమ్మతో మాట్లాడటం మానేశాను.

గురువారం

సినిమావాళ్ళు వచ్చారు. నాటకాల్లోకి కొత్తగా వచ్చిన ఒక పిల్ల కథట, నవ్విస్తూనే ఒక్కొక్కరినీ చంపుతారట. కొత్తపిల్లని తీసుకున్నారు.

బట్టల గదికి వచ్చి కథంతా చెప్పింది. అందులో ఆ పిల్లంటే గిట్టని ఒకామె ఉంటుందట, పైకి సాయం చేస్తూనే వెనకనుంచి గోతులు తీస్తుందట. ఆ వేషానికి ఇంకా ఎవరూ కుదరలేదట.

"అలాంటివాళ్ళు నిజంగా ఉంటారా అక్కా?" అంది.

ఉండరన్నాను. శవం చొక్కా కాలర్ ఇస్త్రీ చేస్తున్నాను. కాలింది.

శుక్రవారం

వేషం నాకొచ్చింది.

శనివారం

సినిమా షూటింగ్ మొదలయ్యేదాకా కొత్తపిల్ల ఏ స్టేజీ మీదా కనబడకూడదని సినిమావాళ్ళు కాగితం రాయించుకున్నారట. ఈ వారం షోలు ఆపేశారు. డైరెక్టర్ గారు చేతులు నలుపుకుంటూ వచ్చి, మొత్తం వచ్చినదానివి నువ్వే, నువ్వే చేయాలన్నారు. బతిమాలించుకుందామని ఎన్నాళ్ళనుంచో అనుకున్నాను. నోట్లోంచి మాత్రం ఊఁ అన్న చప్పుడే వచ్చింది.

ఇంటికి వచ్చి అమ్మతో మాట్లాడాను. మొదటి షోకి వస్తానంది.

ఆదివారం

కోటు పట్టడం లేదు. విప్పి వదులు చేద్దామంటే లోపల గుడ్డ లేదు. కత్తిరించిన మహాతల్లిని తిట్టుకుంటూ వీపు మధ్యలో నిలువుగా చీల్చి, లోపల వేరే గుడ్డ అతికాను. ముందునుంచి చూస్తే తెలియదు. వెనక్కి తిరగకుండా ఆడాలి.

సోమవారం

రిహార్సల్. రాయబుద్ధి కావడం లేదు.

మంగళవారం

రాస్తాను. నా గొంతు రావడం లేదు. ఊపిరితో చెప్పీ చెప్పీ, గట్టిగా అనబోయినా గుసగుసే వస్తోంది. మాటల్లో ఉప్పూకారం లేదు, కరెంటు బిల్లే. గుమాస్తా వేసే ఆయన తన మాటకి ముందు కాస్త ఆగితే ఆ మాట నేను అనేస్తున్నాను. ఆయనకి ఒళ్ళు మండి, అయితే రెండు వేషాలూ నువ్వే కట్టెయ్ అన్నాడు.

చివరి ఘట్టం ఇంకా ఘోరం. దుప్పటి తియ్యగానే ఇంటికి పోదాం పదండి అనేశాను. మళ్ళీ చేయించారు. మళ్ళీ అనేశాను. ఆమె చేసినట్టే ఆగాలి అన్నారు డైరెక్టర్ గారు.

"ఆగడమంటే ఏం చేయాలండీ?"

"ఏమీ చేయకూడదమ్మా."

అన్నీ వచ్చు నాకు. అదొక్కటే రాదు. ఖాళీ కనబడితే నా నోరు దానంతటదే పూడ్చేస్తోంది. ఆమెకి ఆ ఖాళీ ఇచ్చింది నేను. నాకెవరిస్తారు?

కుళ్ళు లేదని రాసిన కాగితాలు చించేద్దామనుకున్నాను. ఉండనీ.

శనివారం, పొద్దున్న

సాయంత్రం షో. ఏమీ తినలేదు. బల్ల కింద ఎవరూ అక్కర్లేదని నేనే చెప్పాను.

ఆదివారం

నిన్నటిది వరసగా రాస్తాను, లేకపోతే నేనే నమ్మను.

మొదటి సగం మునిగింది. నా మాట ముందు వరస కూడా దాటలేదు. "మా ఆయన ఇంత బావుండడండీ" అన్నాను, నా సొంత మాట, నేను పుట్టించిన మాట. ఒక్కడూ నవ్వలేదు, ఎవరికీ వినబడలేదు. చివరి వరసలోంచి మాత్రం ఒక గొంతు వచ్చింది, "గట్టిగా చెప్పవే" అని. అమ్మది. దానికి నవ్వారు. ఆ షోలో మొదటి నవ్వు మా అమ్మది.

విరామంలో తెర వెనక కుర్చీలో కూలబడ్డాను. డైరెక్టర్ గారు దగ్గరికి వచ్చి, నీళ్ళగ్లాసు చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది. పెద్దాయన దుప్పటి కప్పుకుంటూ, ఇవాళ చావడం నాకు సులువుగా ఉంది తల్లీ, నువ్వు కాస్త బతుకు అన్నాడు.

రెండో సగం ఎలా నడిచిందో తెలియదు. చివరి ఘట్టం వచ్చింది. దుప్పటి తీశాను. ఆ మాట అప్పుడే పళ్ళ దాకా వచ్చేసింది. నోరు తెరిచాను.

బల్ల కింద నుంచి ఒక చెయ్యి వచ్చి నా చీలమండ పట్టుకుంది.

అరవబోయాను. గొంతు లేదుగా. ఆ చెయ్యి గట్టిగా బిగించింది. ఆగమని. బల్ల మీద పరిచిన దుప్పటి అంచు కింద వంకర చిటికెనవేలు కనబడింది, కోటు కొలతలు తీసుకున్న రోజు నేను చూసిన వేలే. ఒళ్ళు భగ్గుమంది. నా వేషం, నా రోజు, నా కాలు. ఇక్కడికి కూడా వచ్చిందా అనుకున్నాను. తన్నడానికి వీల్లేదు, అందరూ చూస్తున్నారు. కదలడానికి వీల్లేదు. ఆ కోపంతో అలాగే నిలబడ్డాను.

హాల్లో ఒక్క చప్పుడు లేదు. కింద ఆమె ఊపిరి వినబడుతోంది. పైన పెద్దాయన ఊపిరి బిగబట్టాడు. నాకు పని లేక చేతులు గుండీల మీదికి పోయాయి. మూడోది వదులుగా ఉంది, పోయినవారం కుట్టాల్సింది. అన్నీ పెట్టాను. కాలర్ మీద నేను కాల్చిన మచ్చ కనబడకుండా మడత సరిచేశాను.

చెయ్యి వదిలింది.

"సరే" అన్నాను. అది నా గొంతే. గోడకి తగిలి తిరిగొచ్చింది. "ఇంటికి పోదాం పదండి."

ముక్కులు చీదుకున్నారు.

దండాలు పెట్టేటప్పుడు నేను మధ్యలో ఉన్నాను. వెనక్కి తిరగలేదు. అమ్మ కుర్చీ ఎక్కి చప్పట్లు కొడుతోంది. ఇన్నేళ్ళు ఎదురుచూసింది దీనికే. ఎదురుచూసినదాన్ని పూర్తిగా వినకుండా, ఆ చప్పట్లు బల్ల కింద ఉన్నదాని వీపుకి ఎలా తగులుతున్నాయో అనుకుంటూ నిలబడ్డాను. నా బుద్ధి ఇంతే.

హాలు ఖాళీ అయ్యాక దుప్పటి ఎత్తితే, మేకు లేని వైపు కాళ్ళు తిమ్మిరెక్కి కూర్చుని ఉంది. నేను చెయ్యి ఇవ్వలేదు. మామయ్య లాగాడు.

"చూద్దామని వచ్చానక్కా. విరామంలో నీ మొహం చూసి ఆగలేకపోయాను" అంది. స్టేజీ మీద కనబడకూడదని రాసిచ్చావుగా అన్నాను. "కింద కనబడనుగా" అంది.

అందరూ నవ్వారు. డైరెక్టర్ గారు అందరికంటే ముందు నవ్వారు. అప్పుడు ఆమె నా చెవి దగ్గరికి వచ్చి అంది.

"నాకు ఎక్కడ ఆగాలో నేర్పింది నువ్వే కదక్కా. ఆ రోజు నువ్వు మాట అందించకుండా కూర్చున్నావు చూడు. నీ ఊపిరి వినబడుతూనే ఉంది. నువ్వు కిందే ఉన్నావని తెలుసు."

మొహంలోకి చూశాను. తప్పుమాట చెప్పిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది, ఒక్క గీత కదల్లేదు. దండం పెడుతోందో పొడుస్తోందో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. నటన రాదన్నది ఎవరు?

సోమవారం

షూటింగ్ వాయిదా పడిందట. అప్పటిదాకా ప్రతి షోకీ బల్ల కింద కూర్చుంటానని డైరెక్టర్ గారితో చెప్పేసింది. ఆయన అప్పుడే సరేనన్నారు. నన్నెవరూ అడగలేదు.

అక్కర్లేదని చెబుదామని వెళ్ళాను. గుమ్మం దాకా వెళ్ళి వచ్చేశాను. ఆ చెయ్యి లేకుండా నేను ఆగగలనో లేదో నాకు తెలుసు. ఇకనుంచి ఏ రోజు ఆమె పట్టుకోకపోయినా, ఏ రోజు వదలకపోయినా, నా పని అంతే. బల్ల కింద కూర్చున్న మనిషి ఏమేం చేయగలదో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు.

శుక్రవారం

సాయంత్రం షో. ముందే వెళ్ళి బల్ల కింద ఊడ్చాను. కాళ్ళు తిమ్మిరెక్కకుండా పాత పరదా నాలుగు మడతలు వేసి నేను కూర్చునే చోటే పరిచాను. దాహం వేస్తే అందేట్టు నీళ్ళసీసా పెట్టాను. చూసి, ఎంత మంచిదానివక్కా అంది.

మేకు సంగతి చెప్పలేదు.